ఒడ్డు కనిపించని సినిమా

ఆ ఓడ సినిమా సికింద్రాబాద్‌కి వచ్చేనాటికి అన్నయ్య సముద్రంలో పడిపోయి ఏడాది కావస్తోంది. మా ఇంట్లో మాత్రం ఎవరూ పడిపోయాడు అనేవారు కాదు. తప్పిపోయాడు అనేవాళ్ళం. ఆ మాట నాన్నది.

ఫోను వచ్చిన పొద్దున నేను కాలేజీకి వెళ్ళడానికి జడ వేసుకుంటున్నాను. అప్పుడు మేము మౌలాలి రైల్వే కాలనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. అన్నయ్య పనిచేసే సరుకు ఓడ తాలూకు కంపెనీ ఆఫీసు బొంబాయిలో ఉంది. అక్కడి నుంచి ఎవరో ఇంగ్లిష్‌లో మాట్లాడారు. నాన్న రైల్వేలో గుమాస్తా. ఇంగ్లిష్ రాయడం వచ్చు కాని, ఫోన్లో ఇంగ్లిష్ వినబడితే కుర్చీలోంచి లేచి నిలబడతాడు. ఆ రోజూ నిలబడే విన్నాడు. "యస్ సర్" అని చాలాసార్లు అన్నాడు. ఫోను పెట్టేశాడు.

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతులనిండా శనగపిండి. "ఏమంటున్నారండీ?" అని అడిగింది.

నాన్న అమ్మ వైపు చూడకుండా గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ, "వాడు ఓడ మీద నుంచి తప్పిపోయాడట" అన్నాడు.

అవతలివాళ్ళు అన్నది 'లాస్ట్' (lost) అని. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాన్నకి దానికి తెలుగులో దొరికిన మాట అది, లేదా నోట రాగలిగిన మాట అది ఒక్కటే.

తెలుగులో తప్పిపోయేవాళ్ళు ఎవరు? తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోతారు. స్టేషన్లో తప్పిపోతారు. మైకులో పేరు చెబుతారు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పజెబుతారు. మావంటి క్రైస్తవుల ఇళ్ళలో ఆ మాటకి ఇంకా బలం ఎక్కువ. ఇల్లు విడిచిపోయి, అన్నీ పాడుచేసుకుని, చివరికి తండ్రి దగ్గరికి తిరిగొచ్చిన కొడుకు ఉపమానం సండే స్కూలు పిల్లలకి కూడా తెలుసు. ఆ కొడుకుని మేము తప్పిపోయిన కుమారుడు అంటాం, ఆ పేరులోనే ఆ మాట ఉంది. మాకు తప్పిపోయినవాడు అంటే, ఇంకా దారిలో ఉన్నవాడు. వాడికోసం తండ్రి వీధివైపు చూస్తూ ఉంటాడు.

అమ్మ ఆ రోజు ఏడవలేదు. చేతులు కడుక్కుని, మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసింది. లేచి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

నాన్న బొంబాయి వెళ్ళి అన్నయ్య బ్యాగు తెచ్చాడు. గాలివాన రోజు, డెక్ మీద ఏదో బిగించడానికి వెళ్ళాడట. అల వచ్చిందట. వెతికారట. తర్వాత ఓడ వెళ్ళవలసిన రేవుకి వెళ్ళిపోయింది. నాన్న ఇదంతా నాకు, వదినకి వీధి వరండాలో నిలబడి మెల్లగా చెప్పాడు. "మీ అత్తయ్యకి నేను నెమ్మదిగా చెబుతాలే" అని వదినతో అన్నాడు. చెప్పలేదు.

వదినది అల్వాల్. అన్నయ్యతో ఆమె కాపురం రెండు ప్రయాణాల మధ్య వచ్చిన ఒక్క సెలవు. అల్వాల్‌లోనే ఒక చిన్న బడిలో టీచరుగా చేసేది, పెళ్ళయ్యాక మానేసింది. మా అమ్మ తెనాలి వైపు మనిషి. వదిన మాట వినగానే పెళ్ళయిన కొత్తలో అమ్మ నవ్వేది. "ఏంటమ్మాయ్, గిట్లంటే ఎట్లా?" అని వెక్కిరించేది. వదిన తక్కువది కాదు. "మీరు ఎట్లంటె గట్లనే అత్తమ్మా" అనేది. అన్నయ్య వాళ్ళిద్దరి మధ్య కూర్చుని నవ్వలేక చచ్చేవాడు. ఆ ఏడాది మా ఇంట్లో ఆ వెక్కిరింతలు లేవు.

వదిన అడిగింది ఒక్కటే. గుడిలో, అంటే మా చర్చిలో, జ్ఞాపకార్థ కూడిక పెట్టించమని.

"ఒక్కసారి ఆయన పేరు పెట్టి ప్రార్థన చేపియ్యిండ్రి అత్తమ్మా. తెల్లచీర కట్టుకొని ముందట కూసుంట. ఏడుస్త. గంతే. ఇంకేమడగ."

"బతికున్నవాడికి కూడికేంటి? నోరు కడుక్కో" అంది అమ్మ.

మా గుడిలో ప్రతి ఆదివారం ఆరాధనలో ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తారు. ఎవరి పేర్లు ఉన్నాయో ముందే చెప్పాలి. అమ్మ గుడి మెట్ల దగ్గరే పాస్టరు అయ్యగారిని పట్టుకుని అన్నయ్య పేరు చెప్పేది. అయ్యగారు మెత్తని మనిషి. కాదనలేకపోయేవారు. వైజాగ్ వెళ్ళినవాళ్ళు, కువైట్ వెళ్ళినవాళ్ళు, పరీక్షకి బెంగుళూరు వెళ్ళినవాళ్ళు, వాళ్ళ మధ్యలో అన్నయ్య. ఆ పేరు వినబడినప్పుడల్లా వదిన తల ఇంకా కిందికి దించుకునేది. మిగతావాళ్ళు వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళు. పేర్లు మారేవి. అన్నయ్య పేరు ఉండిపోయేది.

గుడికి బయల్దేరేటప్పుడు అమ్మ వదిన చేతులు చూసేది. "గాజులేవి? వాడొచ్చేసరికి ఇలాగేనా కనబడతావు?" అని, తనే డబ్బా తెరిచి తొడిగేది. వదిన వాళ్ళ నాన్న ఒకసారి వచ్చి, "పిల్లని జెర కొన్నాళ్ళు మా ఇంటికి పంపియ్యిండ్రి, పరేషాన్‌లో ఉన్నది" అని అడిగాడు. "వాడొచ్చి నా పెళ్ళామేదని అడిగితే నేనేం చెప్పాలి అన్నగారూ?" అంది అమ్మ. ఆయన టీ తాగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వదిన భార్య కాదు, విధవ కాదు. ఇంట్లో నవ్వితే అమ్మ మొహం వెలిగేది, ఏడిస్తే తలుపేసుకోమనేది. ఆమె గాజుల చప్పుడు కూడా రాకుండా చేతులు ఒంటికి ఆనించుకుని నడవడం నేర్చుకుంది.

అమ్మ అంత గట్టిగా నమ్మడానికి ఉపమానం ఒక్కటే కారణం కాదు. నేను చెప్పిన కథ కూడా ఉంది.

అన్నయ్య మొదటిసారి ఓడ ఎక్కేముందు ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలోంచి కొన్ని ఇంగ్లిష్ నవలలు తెచ్చాడు. అట్టల మీద తెరచాపల ఓడలు ఉన్నాయి. ఎప్పటివో యుద్ధాలు, ఫిరంగులు, ఒకే ఓడ మీదివాళ్ళ కథ వరసగా చాలా పుస్తకాల్లో నడుస్తుంది. "నాకు చదివే ఓపిక లేదు. నువ్వు చదివి నేనొచ్చాక చెప్పు" అని నా ఒళ్ళో పడేశాడు. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే పిల్లని కాదు. ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు చాటున చదువుకునేదాన్ని. ఆ నవలలు మాత్రం అమ్మకి చెప్పాను. సాయంత్రం పూట అమ్మ బియ్యం ఏరుతుంటే, గోంగూర వలుస్తుంటే, పక్కన కూర్చుని తెలుగులో చెప్పుకుంటూ పోయేదాన్ని. ఓడ మీద ఒక్కో తాడుకి ఒక్కో పేరు ఉంటుంది. నాకవి అర్థమయ్యేవి కావు. అన్నిటినీ తాళ్ళు అనే చెప్పాను. మనుషుల పేర్లు అమ్మకి నోరు తిరిగేవి కావు. ఓడ పెద్దని కెప్టెనయ్య అనేది. వడ్రంగికి సాయం చేసే యువకుడు ఒకడుంటే, వాడిని వడ్రంగి కుర్రాడు అనేది. వాడంటే అమ్మకి ప్రాణం. ఒక పుస్తకంలో వాడు తెరచాప కొయ్య మీంచి సముద్రంలో పడిపోతాడు. ఇంకో పుస్తకంలో, అందరూ మరిచిపోయాక, గడ్డం పెరిగి ఒక రేవులో ఎదురుపడతాడు. చేపలు పట్టేవాళ్ళు రక్షించారని చెబుతాడు. అది చెప్పిన రోజు అమ్మ చేతిలో చేట పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది.

ఫోను వచ్చిన వారానికో ఏమో, అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "మన వడ్రంగి కుర్రాడు కూడా ఇలాగే తప్పిపోయాడు కదే" అంది. అప్పటి నుంచి ఆ మాట చాలాసార్లు అంది. నా డైరీలో ఆ నెలల్లో నేను రాసుకున్నది చాలా తక్కువ. ఎండ, వాన, అమ్మ ఏం వండింది, వదిన ఏం తినలేదు.

అమ్మ జన్మలో సముద్రాన్ని ఒక్కసారే చూసింది. పెళ్ళికి ముందు గుడివాళ్ళతో కలిసి బాపట్ల దగ్గర ఒడ్డుకి వెళ్ళిందట. అల వచ్చి కాలి చెప్పు లాక్కుపోయిందట, కాసేపటికి ఇంకో అల ఆ చెప్పు తెచ్చి ఒడ్డున పడేసిందట. "సముద్రం ఏదీ ఉంచుకోదే, తెచ్చి ఇచ్చేస్తుంది" అనేది. ఆమెకి తెలిసిన సముద్రం అది.

సినిమా బొమ్మ పేపర్లో వచ్చింది. నేనే చూసి, ఇది ఆ నవలల్లోంచే తీశారు అని వదినతో అన్నాను. అమ్మ విన్నది.

"మన పుస్తకాల కథేనా?"

"అవునమ్మా."

"వడ్రంగి కుర్రాడుంటాడా?"

"ఉంటాడనుకుంటా."

"అయితే వెళ్దాం. అమ్మాయ్, నువ్వూ రా. నీకు నమ్మకం లేదుగా, కళ్ళతో చూద్దువుగాని."

వదిన నా వైపు చూసింది. నేను నాన్న వైపు చూశాను. నాన్న "నాకు డ్యూటీ ఉంది" అన్నాడు. అది శనివారం. ఆయనకి డ్యూటీ లేదని అందరికీ తెలుసు.

మ్యాటినీకి వెళ్ళాం. స్టేషన్ దగ్గర బస్సు దిగి, క్లాక్ టవర్ వైపు ఎండలో నడిచి, ఇంగ్లిష్ సినిమాలు ఆడే హాలుకి. అమ్మ గుడికి కట్టుకునే పట్టంచు చీర కట్టుకుంది. వదిన చేత కూడా మంచి చీర కట్టించింది, పూలు పెట్టించింది. ఆడవాళ్ళు ముగ్గురే వచ్చిన జట్టు అక్కడ మాది ఒక్కటే. కాలేజీ కుర్రాళ్ళు, సైనిక్‌పురి నుంచి వచ్చినట్టున్న రిటైరయిన మిలటరీ దంపతులు, కొంచెంమంది. నేను మధ్యలో కూర్చున్నాను. అమ్మకి నేను చెవిలో చెప్పాలి కదా.

లైట్లు ఆరగానే ముందు బొమ్మ రాలేదు, చప్పుడు వచ్చింది. కొయ్య కిర్రుమనే చప్పుడు. పుస్తకంలో అది ఎన్నిసార్లు చదివానో. మా బీరువా తలుపు చప్పుడులా ఉంటుందనుకున్నాను. అలా లేదు. పెద్ద జంతువేదో నిద్రలో మూలిగినట్టు ఉంది. ఓడ లోపలి చీకటి, మనుషులు నడుము వంచుకుని తిరగడం, మొహాల మీద ఉప్పు చారలు, గాలి లాగుతుంటే తాళ్ళు బిగుసుకోవడం. నేను తాళ్ళు అని ఒక్క మాటలో చెప్పేసినవన్నీ వేరువేరుగా కనబడ్డాయి. ఇది రాయడం నాకు కష్టం, కాని ఆ సినిమా నాకు నచ్చింది. మొదటి అరగంట నేను అన్నయ్యని మరిచిపోయాను. చదివింది చదివినట్టు ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

"వాడేనా?" అంది అమ్మ వడ్రంగి కుర్రాడిని చూసి. "ఇంత పెద్దాడేంటే? మనవాడు కుర్రాడు కదా."

"సినిమాలో అలా పెట్టారమ్మా."

"చెవులు మాత్రం వాడివే" అంది. పుస్తకంలో వాడి చెవుల గురించి ఏమీ లేదు. అమ్మ మనసులో ఎప్పుడో పెట్టుకున్నది.

నేను ప్రతి మాటా గుసగుసగా చెబుతుంటే వెనక వరసలోంచి ఒకతను ముందుకి వంగాడు. "ఏం అక్కా, డబ్బింగ్ ఫ్రీగ ఇస్తున్నవా? జెర గట్టిగ చెప్పు, మాకు సుత సమజ్ అయితది" అన్నాడు. వాడి పక్కనవాళ్ళు నవ్వారు. నేను చెప్పడం ఆపేశాను. వదిన వెనక్కి తిరిగి, "నీకు సమజ్ గాకపోతే ఇంటికి పో తమ్మీ" అంది. వాళ్ళు ఇంకా నవ్వి ఊరుకున్నారు. చాలా నెలల తర్వాత వదిన గొంతులో పాత వదిన వినబడింది.

ఇంటర్వెల్‌కి కొంచెం ముందు తుపాను వచ్చింది. వడ్రంగి కుర్రాడు కొయ్య మీదికి ఎక్కాడు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఏం జరగబోతోందో ఆమెకి తెలుసు. భయపడలేదు, తెలిసిన ఊరు వస్తోందని రైలు కిటికీ దగ్గరికి జరిగినట్టు ముందుకి జరిగింది. వాడు పడ్డాడు. నీళ్ళల్లో వాడి తల కనబడింది. తర్వాత బొమ్మ వాడి కళ్ళలోంచి చూపించారు. ఓడ వెనకభాగం. దాని కిటికీల్లో దీపాలు. అది వెళ్ళిపోతోంది. ఓడ మీదివాళ్ళు వెనక్కి చూస్తూ అరుస్తున్నారు, కెప్టెను చెయ్యెత్తి ఏదో చెప్పబోయి దించేశాడు. ఆ గాలిలో ఓడని తిప్పితే ఓడే పోతుంది. అది చిన్నదైపోయింది, ఇంకా చిన్నదైపోయింది. తర్వాత అన్నివైపులా నీళ్ళు.

"ఒడ్డేదే?" అంది అమ్మ.

అమ్మ మెడ చాచి తెర మూలల్లోకి చూసింది.

"ఒడ్డు కనబడదేంటే? ఎటు ఉందో చూపించరేం?"

"అక్కడ ఒడ్డుండదు అత్తమ్మా" అంది వదిన, నా అవతలి నుంచి. తెర వైపే చూస్తోంది.

ఇంటర్వెల్‌లో అమ్మ సమోసా కొనిపించి తినలేదు. "ఇంకా సగం ఉందిగా, వస్తాడు" అంది. రెండో సగంలో ఓడవాళ్ళు టోపీలు తీసి వరసగా నిలబడ్డారు. కెప్టెను పుస్తకం తెరిచి ప్రార్థన చదివాడు, వడ్రంగి కుర్రాడి పేరు చెప్పాడు. అప్పుడు వదిన చెయ్యి నా ఒళ్ళోకి వచ్చి నా వేళ్ళు పట్టుకుంది. ఆమె ఏడాదిగా అడుగుతున్నది అదే. తెర మీద ఎవరో తెల్లవాళ్ళు, ఎప్పుడో రెండు వందల ఏళ్ళ నాటి మనిషికి, చాలా మామూలుగా చేసేశారు. ప్రార్థన అయ్యాక టోపీలు పెట్టుకుని పనికి వెళ్ళిపోయారు. వాడు పడుకునే గుడ్డ ఊయలని విప్పి మడతపెట్టారు.

అమ్మ ఎదురుచూస్తూనే ఉంది. రేవు వచ్చినప్పుడల్లా గుంపులో వెతికింది. గడ్డం ఉన్నవాడు ఎవడు కనబడినా "వాడేనా?" అంది. చివరి యుద్ధం అయింది. గెలిచారు. పాట మొదలై, తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. జనం లేచారు. మా వరసలోవాళ్ళు మా కాళ్ళు దాటుకుని పోయారు. అమ్మ లేవలేదు.

"కూర్చోవే. ఇంకా వాడు రాలేదు."

"అయిపోయిందమ్మా."

"రాకుండా ఎలా అయిపోతుంది?"

టార్చి లైటు మనిషి వచ్చి, "ఖతమైంది అమ్మా, లేవుండ్రి, ఊడ్వాలె" అన్నాడు. అమ్మ అతన్ని, "బాబూ, ఆ పడిపోయిన అబ్బాయి మళ్ళీ రాడా?" అని అడిగింది. అతను ఎన్ని ఆటలు చూశాడో. కొంచెం ఆలోచించి, "యాడికెళ్ళి వస్తడమ్మా, సముద్రంల పడ్డంక" అన్నాడు.

బయట ఎండ ఇంకా తగ్గలేదు. బస్టాపు దాకా నడిచాం. అక్కడ, మోండా మార్కెట్ నుంచి కూరల సంచులతో వచ్చినవాళ్ళ మధ్య నిలబడి, అమ్మ నన్ను అడిగింది.

"పుస్తకంలో వచ్చాడు కదా? నువ్వు చెప్పింది నిజమే కదా?"

"నిజమే. ఇంకో పుస్తకంలో వస్తాడు. సినిమాకి రెండు మూడు పుస్తకాలు కలిపి ఒక కథ చేశారమ్మా. టైము సరిపోదని వాడు వచ్చేది తీసేశారు."

"టైము సరిపోదని చంపేశారా?"

"కథ కదమ్మా."

"మరి ఏది అసలుది? నువ్వు చదివిందా, ఇదా?"

జవాబు వదిన చెప్పింది. గొంతు పెంచలేదు.

"పుస్తకం సంగతి నాకు తెల్వదు అత్తమ్మా. ఓడ ఎనకకి తిరగలే. గది సూశిండ్రు గదా. గంత పెద్దది ఎట్ల తిరుగుతది? మనోళ్ళది ఇంకా పెద్దదాయె. ఆయన సుత గట్లనే సూశిండు, అది పోతుంటె. మీరు తప్పిపోయిండు, తప్పిపోయిండు అంటరు. ఆయన యాడికీ పోలే. ఓడనే ఆయన్ను ఇడిశిపెట్టి పోయింది."

బస్సు వచ్చింది. అమ్మ ఆడవాళ్ళ సీటులో కిటికీ పక్కన కూర్చుని మౌలాలి వచ్చేదాకా బయటికి చూసింది.

నాన్న వరండాలో మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అమ్మ చెప్పులు విప్పకుండానే ఆయన ముందు నిలబడింది.

"ఆ రోజు ఫోన్లో వాళ్ళు ఏ మాటన్నారు?"

"ఏ రోజు?"

"మీకు తెలుసు ఏ రోజో. వాళ్ళన్న మాట చెప్పండి. ఇంగ్లిష్‌దే."

నాన్న చాలాసేపు కుర్చీ పట్టీని గోటితో గీకాడు. "లాస్ట్ అన్నారు" అన్నాడు.

"అంటే?"

నాన్న నా వైపు చూశాడు. "నువ్వు చదువుకున్నావు కదమ్మా, నువ్వు చెప్పు" అన్నాడు. ఆయన మొహంలో ఉన్నది నేను అంతకుముందు చూడలేదు. నన్ను బతిమాలుకుంటున్నాడు.

"దానికి రెండర్థాలున్నాయమ్మా" అన్నాను.

"రెండూ చెప్పు."

"ఒకటి తప్పిపోవడం. ఇంకొకటి పోగొట్టుకోవడం."

"వాళ్ళన్నది ఏది?"

"ఓడవాళ్ళు అంటే..." అని ఆగాను. వదిన గేటు దగ్గరే నిలబడిపోయి ఉంది, తలలో పూలు వాడిపోయి. "రెండోదేనమ్మా. పోగొట్టుకున్నాం అని చెప్పారు."

అమ్మ ఆ మాటని తనలో తాను అనుకుని చూసింది. పెదవులు కదలడం కనబడింది. తర్వాత నాన్నతో, "మీకు ఆ రోజే తెలుసు" అంది.

"చేతులకి పిండితో నిలబడ్డావు. ఎలా చెప్పను?" అన్నాడు నాన్న. అమ్మ ఆయన్ని ఏమీ అనలేదు. అన్నా బాగుండేదేమో. వదిన వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ గాజులు నువ్వే తీసేసుకో. నేను తియ్యలేను. రేపు గుడిలో అయ్యగారితో నేను మాట్లాడతాను" అంది.

కూడిక వచ్చే శనివారం మధ్యాహ్నం పెట్టారు. మామూలుగా ఎవరైనా పోతే గుడిలో ముందు శవపెట్టె ఉంటుంది, అందరూ దాని వైపు చూస్తారు. ఇక్కడ చూడడానికి ఏమీ లేదు. ఓడ ఉద్యోగం కోసం తీయించుకున్న చిన్న ఫొటోని నాన్న పెద్దది చేయించాడు. అందులో మొహం చెరిగిపోయినట్టు వచ్చింది. దాన్ని బల్ల మీద పెడితే, జనం ఫొటో వైపు చూడాలో వదిన వైపు చూడాలో తెలియక పాటల పుస్తకాల్లోకి చూశారు. నా వెనక ఒకావిడ, "మట్టి వెయ్యకుండా ఏం కూడికమ్మా, పాపం" అని పక్కావిడతో అంది. అయ్యగారు అన్నయ్య గురించి చెబుతూ "మంచి కుర్రవాడు, గుడి పండుగలకి బెంచీలు మోసేవాడు" అన్నారు. మోసేవాడు. ఆ మాట దగ్గర వదిన గొంతు తెగింది.

అలాంటి ఏడుపు నేను ఎప్పుడూ వినలేదు. పాట ఆగిపోయింది. వాళ్ళ అమ్మ వచ్చి పట్టుకోబోతే విదిలించుకుని, బల్ల అంచు పట్టుకుని ఏడ్చింది. "ఒక్కసారన్న ఎనక్కి తిప్పకపోతిరి, ఒక్కసారన్న" అని ఆ ఫొటోని కాదు, ఎవరినో, అక్కడ లేనివాళ్ళని అడిగింది. అమ్మ మొదటి బెంచీలో నిటారుగా కూర్చుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. అందరూ వచ్చి చెయ్యి పట్టుకుంటే, "వచ్చారా, కూర్చోండి, టీ తాగి వెళ్ళండి" అని ప్రతి ఒక్కరితో అంది.

ఇంటికొచ్చాక వదిన తెల్లచీరతోనే మంచం మీద పడి నిద్రపోయింది. ఏడాదిలో ఆమె అలా నిద్రపోవడం నేను చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి మంచం మీంచి కిందికి జారి, పిల్లలు పడుకున్నట్టు పడుకుంది. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి అల్వాల్ తీసుకెళ్తాడు. అమ్మే రమ్మని చెప్పింది. బట్టలు అమ్మే సర్ది పెట్టింది.

అమ్మ ఆ గది గుమ్మంలో నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుంది. పక్క క్వార్టర్ పిల్లలు వరండాలో అరుస్తుంటే వెళ్ళి, "లోపల పడుకుంది, అటు పోయి ఆడుకోండి" అని తరిమి మళ్ళీ వచ్చి కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది. అమ్మ వదినకి వినబడకూడదన్నంత మెల్లగా అడిగింది.

"వాడికి ఈత వచ్చు కదే?"

"వచ్చమ్మా."

"మా ఊరి కాలవలో మా తమ్ముడు నేర్పాడు. ఎండాకాలం సెలవుల్లో. ఆ చివర నుంచి ఈ చివరకి ఈదేవాడు. ఎంత పిలిచినా బయటికొచ్చేవాడు కాదు."

నేను తలూపాను.

"అంత బాగా ఈత వచ్చినవాడు అయితే," అంది అమ్మ, "ఎంతసేపు ఈది ఉంటాడే?"

ఆ నవలల్లో నావికులు చాలామంది కావాలనే ఈత నేర్చుకోరు. నడిసముద్రంలో పడ్డాక ఈత వచ్చినవాడిదే ఎక్కువ బాధ అని, రానివాడికి తొందరగా తీరిపోతుందని వాళ్ళు చెప్పుకుంటారు. నాకు ఆ పేజీ గుర్తుంది. అమ్మకి కథ చెప్పినప్పుడు అది చెప్పలేదు. కథలో పెద్ద అవసరం లేదని వదిలేశాను.

"తెలియదమ్మా" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. ఇంకోసారి అడగలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వదిన చెయ్యి మంచం మీంచి వేలాడుతుంటే, దాన్నే చూస్తూ కూర్చుంది.